లైనులో బండి

"స్టీరింగు తాకొద్దు," అన్నాడు వెంకటముని, కూతురు తెచ్చిన స్కూటరు ఎక్కి కూర్చుంటూ. "కీ బండికే ఉండాది. లైను కదిలితే ముందర బండి దొరస్వామన్నకు చెప్పు. ఆయనొచ్చి జరుపుతాడు. నువ్వు మాత్రం ఏదీ ముట్టొద్దు. అర్థమయిందా?"

"ఊఁ," అంది పవిత్ర.

"ఊఁ గాదు. ఎత్తుకుపోయి ముందరోడి ట్రాలీకి కొడితే మనకు కాయా ఉండదు, బండీ ఉండదు."

తనకు ఇరవై ఏళ్లు నిండాయనీ, ముట్టొద్దంటే ముట్టకుండా ఉండే తెలివి తనకుందనీ చెబుదామనుకుంది. కానీ నాయన రాత్రంతా ట్రాలీ కింద గోనెపట్ట మీద పడుకున్నాడు. కళ్లు ఎర్రబారి ఉన్నాయి, చొక్కా నిండా మామిడి జీడి మరకలు. అందుకని ఆ మాట వదిలేసి తనకు కావలసింది అడిగింది.

"శుక్రవారం పదింటికి లైసెన్సు టెస్టు నాయనా. గుర్తుండాదా?"

"ఉండాదిలే."

"ఆదివారంతో ఎల్లెల్లారు అయిపోతాది. మళ్లా డేటు ఇయ్యరు."

"అప్పటికి మన కాయ దిగిపోతాదిలే మే. పోదాం." స్కూటరు తిప్పి, మెయిన్ రోడ్డు ఎక్కకుండా పొలాల దోవ పట్టి పోయాడు. తోటలో ఇంకో కోత మిగిలి ఉంది. ఇంటి దగ్గర ఆవులు, మోకాళ్ల నొప్పులతో పవిత్ర తల్లి పంకజాక్షమ్మ. లైనులో పగలు కూర్చోవడానికి ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషి పవిత్ర ఒక్కతే. ఖాళీగా ఉన్న మనిషిని ఎక్కడైనా కూర్చోబెట్టవచ్చు గదా.

రోడ్డు ఎడమ పక్కన ట్రాక్టర్లు, ఒకదాని వెనక ఒకటి. రోడ్డు వంపు తిరిగే దాకా ట్రాలీలే కనిపిస్తున్నాయి. జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ఆ వంపు అవతల ఉంది. ప్రతి ట్రాలీ మీదా తోతాపురి కాయలు, వాటి మీద ఎండ తగలకుండా వేపకొమ్మలు గానీ నీలం పట్టలు గానీ. కింది కాయలు అప్పుడే మెత్తబడి రసం కారుతోంది. ఆ రసానికి ఈగలు. పండిన వాసన, పులిసిన వాసన కలిసిపోయి, వచ్చిన కాసేపటికి ముక్కుకు అలవాటైపోయింది. ఈ ఏడు కాయ విరగకాసింది. అందరి కాయా ఒక్కసారే తయారైతే ఉన్న నాలుగు ఫ్యాక్టరీలూ ఎంతని నమలగలవు?

పవిత్ర ట్రాక్టరు మడ్గార్డు మీద తుండుగుడ్డ పరుచుకుని కూర్చుంది. కూర్చున్నాక ఇంక చేయడానికి ఏమీ లేదు. ఈ పని ఆమెకు బాగా వచ్చు. ఇంటర్ పాసైన ఏడాది "ఏం చేస్తా ఉండావు పాపా?" అని ఎవరైనా అడిగితే "డిగ్రీలో చేరాల" అనేది. ఆ మరుసటి ఏడాది "ఉద్యోగం సూస్తా ఉండా" అనేది. ఇప్పుడు అడిగేవాళ్లే తగ్గిపోయారు. ఊరికి బస్సు లేదు. చిత్తూరులో కాలేజీకి పోవాలన్నా, తిరుపతిలో ఏ షాపులోనో పనికి పోవాలన్నా పొద్దున ఒకరు మెయిన్ రోడ్డు దాకా దింపాలి, సాయంత్రం ఒకరొచ్చి తేవాలి. పని దొరకాలంటే బండి నడపాలి. బండి నడుపుతానంటే "నీకేం పనుండాదని?" అంటారు. రెండేళ్లుగా ఆమె ఆ రెండు మాటల మధ్యే తిరుగుతోంది.

అలాంటప్పుడు కృపామణి మేడం దొరికింది. ఒక పాల డెయిరీలో ఆమె సూపర్‌వైజరు. ఊరూరూ తిరిగి పాల శాంపిళ్లు తెచ్చే పనికి ఆడపిల్ల కావాలంది. "బండి నడపడం వస్తే సాలదు పాపా, లైసెన్సు ఉండాల. సోమవారం దాకా ఎవరికీ ఇయ్యకుండా పెడతా" అని మాట ఇచ్చింది. ఆ మాట విన్న రోజు పవిత్ర అన్నం కూడా సరిగా తినలేదు, సంతోషంతో.

టెస్టు డేటు ఇది మూడోది. మొదటిసారి ఆవు ఈనుతోందని నాయన ఆగిపోయాడు. ఆవు మరుసటి రోజు ఈనింది. రెండోసారి చిత్తూరులో ఎండ జాస్తిగా ఉందన్నాడు. చిత్తూరులో ఎండ ఎప్పుడు తక్కువగా ఉందో ఆయనకే తెలియాలి. ఆడపిల్లకు లైసెన్సెందుకనే గదా ఇదంతా అని ఆమె మనసులో కోపం గడ్డకట్టుకుని ఉంది. నాయనతో మామూలుగానే మాట్లాడుతుంది గానీ, ఆ గడ్డ కరగలేదు.

ముందర ఎక్కడో ఇంజన్లు స్టార్టయ్యాయి. ఒక్కో ట్రాక్టరే పొగ వదులుతూ ఒక బండి పొడవు జరిగింది. పవిత్ర దిగి ముందర ట్రాక్టరు దగ్గరికి పోయింది.

"పెదనాయనా, మాది కొంచెం జరుపుతారా?"

దొరస్వామి ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఖాకీ చొక్కాయే వేసుకుంటాడు. తన బండి జరిపి, దిగి, మోకాలు పట్టుకుని ఒక్క క్షణం ఆగి, వెనక్కి నడిచి వచ్చి, పవిత్ర వాళ్ల ట్రాక్టరు ఎక్కాడు. సీటు సర్దుకున్నాడు. బస్సు అద్దంలోకి చూసినట్టు పక్కకు చూశాడు, అక్కడ అద్దమేమీ లేదు. నిదానంగా జరిపి, ముందర ట్రాలీకి జానెడు దూరంలో నిలిపాడు.

"నేర్పిస్తా, ఎక్కు పాపా. ఏముండాది దీంట్లో?"

"వద్దు పెదనాయనా. మా నాయన ముట్టొద్దన్నాడు."

"మీ నాయన గూడా ఒక దినం తెలీకనే ఎక్కినాడు గదా." నవ్వి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి ఇంకో రెండుసార్లు లైను కదిలింది. రెండుసార్లూ ఆమె పోయి అదే మాట అడిగింది. మొదటిసారి మామూలుగా అడిగిన మాట మూడోసారికి నోట్లోంచి రావడం కష్టమైపోయింది. పెద్దాయన భోంచేస్తున్నాడు, చెయ్యి కడుక్కుని వచ్చాడు. ఆయనేమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆమెకు.

వెనక ట్రాక్టరులో ఎర్ర టీషర్టు వేసుకున్న అబ్బాయి ఉన్నాడు. సంగటిలోకి తనకు ఏమీ లేదని, పవిత్ర క్యారియరులోని ఊరిబిండి పచ్చడి సగం అడిగి పెట్టించుకున్నాడు. "అక్కా, మీ అమ్మ చెయ్యి శానా బాగుండాదక్కా" అన్నాడు. లైను మొత్తం మీద ఆ రోజు ఆమెతో తిండి గురించి మాట్లాడింది అతనొక్కడే. మిగతావాళ్లు ఆమె ఉన్నప్పుడు గొంతు తగ్గించి, ఆమె అటు తిరగ్గానే పెంచి మాట్లాడుకునేవాళ్లు.

మగవాళ్లకు రోడ్డు పక్క కంపచెట్లున్నాయి. ఆమె మాత్రం రోడ్డు దాటి దేవకమ్మ అనే ఆవిడ ఇంటికి పోవాల్సి వచ్చింది. దేవకమ్మ మంచిదే. బాత్‌రూము చూపించింది, చెంబుతో నీళ్లిచ్చింది. ఇచ్చి, "చదువుతా ఉండావా పాపా?" అంది.

"లేదమ్మా."

"ఉద్యోగమా?"

"లేదు."

"అయితే పెండ్లి కుదిరిందా?"

"లేదమ్మా."

"మరి?" అంది దేవకమ్మ, నిజంగానే అర్థం కాక. పవిత్ర చెంబు గట్టు మీద పెట్టి వచ్చేసింది. మళ్లీ ఆ ఇంటికి పోవాల్సి వస్తుందని సాయంత్రం దాకా నీళ్లు తాగడం మానేసింది.

లైను కదలకపోయినా గేటు మాత్రం తెరుచుకుంటూనే ఉంది. మినీ లారీలు రోడ్డు కుడి పక్క నుంచి దుమ్ము లేపుకుంటూ నేరుగా లోపలికి పోతున్నాయి. ముందే మాట్లాడుకున్న లోడ్లట. ఎవరు మాట్లాడుకున్నారో, ఎవరితో మాట్లాడుకున్నారో లైనులో ఎవరికీ తెలియదు. ఒక్కో లారీ పోయినప్పుడల్లా ట్రాక్టర్ల కింద పడుకున్నవాళ్లు లేచి చూసి, ఒక తిట్టు తిట్టి, మళ్లీ పడుకునేవాళ్లు.

ఫోను చూస్తే ఇంటర్‌లో తన పక్కన కూర్చున్న పిల్ల బెంగుళూరులో ఆఫీసు మెట్ల మీద ఫొటో దిగి పెట్టింది. మెడలో కార్డు. పవిత్ర ఆ ఫొటోను పెద్దది చేసి కార్డు మీద పేరు చదివింది. తర్వాత ఫోను ఒళ్లో బోర్లా పెట్టుకుంది. ఇంతమంది మధ్య కూర్చుని ఇంత ఒంటరిగా ఉండొచ్చని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

గురువారం పొద్దున లైను అసలు కదలలేదు. ఫ్యాక్టరీలో ఒక కాటా చెడిపోయిందన్నారు. ఎండ నెత్తికెక్కే వేళకు, అందరూ తిని ఒరిగిన సమయంలో, ఉన్నట్టుండి ముందర ఇంజన్లన్నీ ఒక్కసారే లేచాయి. కాటా బాగయిందట, రెండో కాటా కూడా తెరిచారట. ఈసారి బండి పొడవు కాదు, ముందర ట్రాక్టర్లు పోతూనే ఉన్నాయి. దొరస్వామి ట్రాక్టరు కూడా కదిలి, పోయి పోయి, వంపు తిరిగి కనబడకుండా పోయింది.

పవిత్ర ముందర రోడ్డు ఖాళీగా పడి ఉంది. అంత ఖాళీ రోడ్డు ఆమె ఈ రెండు రోజుల్లో చూడలేదు.

పరుగెత్తింది. చెప్పు తెగితే చేతిలో పట్టుకుని పరుగెత్తింది. వంపు దగ్గర దొరస్వామి అప్పుడే దిగి, మోకాలు పట్టుకుని వెనక్కి రాబోతున్నాడు.

"పెదనాయనా, బిరీన రండి!"

"వస్తా ఉండా తల్లీ, వస్తా ఉండా."

లైనులో ఒకటే రూలు. ముందర ఖాళీ వచ్చి బండి కదలకపోతే వెనకవాడు దాటి పోవచ్చు. ఎవరూ రాసి పెట్టలేదు గానీ అందరికీ తెలుసు. వాళ్లిద్దరూ సగం దూరం వచ్చేసరికి ట్రాక్టర్లు ఎదురొస్తున్నాయి. మొదట వచ్చింది ఎర్ర టీషర్టు అబ్బాయే. పవిత్ర వైపు చూడలేదు. స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, ఎంతో శ్రద్ధగా రోడ్డు చూసుకుంటూ పోయాడు. వాని వెనక ఇంకొకడు. వాని వెనక ఇంకొకడు. దొరస్వామి రోడ్డు మధ్యలో నిలబడి చేతులు అడ్డం పెట్టాడు.

"ఏమప్పా, ఆడపిల్లని కూర్చోబెట్టి ఉంటే ఇదేనా న్యాయం? ఒకడు దిగి జరపలేడా?"

"మా కాయ గూడా కారతా ఉండాది పెద్దాయనా," అన్నాడొకడు, ఇంజను ఆపకుండానే. అదీ నిజమే. నిజమే కాబట్టి దొరస్వామి చేతులు దించాడు. తొమ్మిదో పదో బండ్లు దాటాక సందు దొరికింది. దొరస్వామి వాళ్ల ట్రాక్టరు ఎక్కి ఆ సందులో దూర్చాడు.

నాయన వచ్చేదాకా ఆమె మడ్గార్డు మీద కూర్చోలేదు, కింద నిలబడే ఉంది. ఆయన స్కూటరు ఆపి, ముందరి ట్రాలీ చూసి, దాని ముందరి ట్రాలీ చూసి, అర్థం చేసుకున్నాడు.

"బండి ముట్టలేదా?"

"నువ్వు ముట్టొద్దన్నావు."

వెంకటముని పట్ట ఎత్తి చెయ్యి లోపలికి పోనిచ్చి ఒక కాయ తీశాడు. వేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగింది. ఆ కాయను కంపల్లోకి విసిరి, చెయ్యి తుండుకు తుడుచుకున్నాడు. తిడతాడని ఆమె కాచుకుని ఉంది. ఆయన తిట్టలేదు. చెప్పిన మాట కూతురు వినకపోతే తిట్టవచ్చు. విన్నందుకు ఏమని తిడతాడు?

"ఎక్కు," అన్నాడు.

"ఏంది?"

"సీట్లో కూర్చో మే. ఎక్కు."

ఆయన పాఠం చెప్పే తీరు ఏ బడిలోనూ ఉండదు. "క్లచ్చి తొక్కు. అది గాదు, ఎడమది. ఇంకా తొక్కు. కాలు రాకపోతే ముందరికి జరుగు. ఊఁ. గేరు వెయ్యి. ఇప్పుడు వదులు. వదలమంటే ఒక్కసారిగా వదిలేసేది గాదు మే! కోడిపిల్లను నేల మీద దించినట్టు వదలాల." రెండుసార్లు ట్రాక్టరు ఎగిరిపడి ఆగిపోయింది. మూడోసారి లైను నిజంగానే కదిలినప్పుడు, నాయన మడ్గార్డు మీద చెయ్యి వేసి పక్కన నడుస్తుంటే, బండీ ట్రాలీ కాయలూ అన్నీ కలిసి ఆమె కాలి కింద నుంచి మెల్లగా ముందుకు కదిలాయి.

రెండేళ్లలో తన వల్ల ఏదైనా ఒకటి కదలడం ఇదే మొదలు.

"రేపు తొమ్మిదికల్లా మన వంతు వస్తాది," అన్నాడు నాయన. "లోపలికి తోసేసి, కాయ దించే పని దొరస్వామన్నకు అప్పజెప్పి పోదాం. అరగంట దోవ గదా చిత్తూరు."

ఆమె స్కూటరు ఎక్కి పొలాల దోవలో ఇంటికి పోతూ దారి పొడుగునా టెస్టులో వేయాల్సిన ఎనిమిదిని మట్టి రోడ్డు మీద వేసుకుంటూ పోయింది. కాలు ఒక్కసారి కూడా కింద పెట్టలేదు.

శుక్రవారం ఆమె తలస్నానం చేసి, ఉతికిన చుడీదారు వేసుకుని వచ్చింది. స్కూటరు ముందూ వెనకా ఎర్ర రంగుతో ఎల్ అని రాసిన కాగితాలు అంటించి ఉన్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. వాళ్ల ట్రాక్టరు గేటుకు మూడు బండ్ల దూరంలో ఉంది. నాయన కూడా మొహం కడుక్కుని, తడి జుట్టు దువ్వుకుని ఉన్నాడు. ఆయన ఈసారి నిజంగానే వస్తున్నాడని ఆ జుట్టు చూసి నమ్మింది.

వాళ్ల వంతు రాగానే గేటు దగ్గర సెక్యూరిటీ అతను ట్రాక్టరు ముందర చెయ్యి పెట్టాడు.

"లైసెన్సు?"

"ఏం లైసెన్సు?" అన్నాడు వెంకటముని.

"డ్రైవింగు లైసెన్సు పెద్దాయనా. పోయిన వారం లోపల ఒకడు వెనక్కి తోసి కూలోడి కాలి మీద ఎక్కిచ్చినాడు. అప్పటి నుంచి లైసెన్సు ఉంటేనే లోపలికి. లేకపోతే ఉండేవాళ్లను పిలుచుకొచ్చి నడిపించుకో. పొద్దున్నుంచి సగం బండ్లు ఆ ఖాకీ చొక్కా ఆయనే తోస్తా ఉండాడు లోపలికి."

"ఇంటికాడ ఉండాది," అన్నాడు వెంకటముని.

పవిత్ర అప్పటికే స్కూటరు వైపు రెండడుగులు వేసింది. "నేను పోయి తెస్తా నాయనా. ఇరవై నిమిషాల్లో వస్తా. యాడ పెట్టినావు? బీరువాలోనా?"

ఆయన గేరు రాడ్డు పట్టుకుని కిందికి చూశాడు.

"చెప్పు నాయనా, టైము పోతాది. అమ్మకు ఫోను చేసి తీసి పెట్టమంటా. యాడుండాది?"

"యాడా లేదు మే," అన్నాడు వెంకటముని.

మెల్లగానే అన్నాడు, ఇంజను చప్పుడులో సెక్యూరిటీ అతనికి వినబడకుండా. పవిత్రకు వినబడింది.

"పోయిందా?"

"ఎప్పుడూ లేదు." స్టీరింగు మీద ఉన్న తన చేతులు చూసుకుంటూ చెప్పాడు. "మా నాయన బండి ఎక్కిచ్చినాడు, నడిపినా. ఎవురూ అడగలేదు. తీసుకుందామని ఒకసారి చిత్తూరు పోయినా గూడా. లైసెన్సులిచ్చే బ్రేకు ఆఫీసు ముందర అంతమంది కాగితాలు పట్టుకుని నిలబడుంటే, యాడ పోవాలో, ఎవురిని అడగాలో తెలీలా. వచ్చేసినా. ఎల్లెల్లారు వాళ్ల వెనక లైసెన్సుండేవాళ్లే కూర్చోవాలని నువ్వు ఫోన్లో చదివి చెప్పినావే, ఆ దినం నుంచి నాకు నిద్ర లేదు. నిన్ను నేనే పిలుచుకుపోయి, ఆ ఆఫీసు ముందర, మీ నాయనకు ఉండాదా అని వాళ్లు అడిగితే..."

ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చిత్తూరు పోయినప్పుడల్లా ఊరి బయటే స్కూటరు ఎవరి షాపు ముందరో పెట్టేసి ఆటో ఎక్కించేవాడు. ఎక్కడికి పోయినా పొలాల దోవే. ఆవు ఈనడం, ఎండ జాస్తి కావడం. రెండేళ్లు ఆమె ఒక్కతే ఇరుక్కుపోయాననుకుంది. ఈయన పుట్టి పెరిగిన చోటే రోడ్లు తప్పించుకుని తిరుగుతున్నాడు, ఒక్క మనిషికి చెప్పుకోకుండా. గడ్డ కట్టిన కోపం ఎటు పోయిందో తెలియలేదు. దాని చోట ఏడుపు వచ్చింది. ఇంతమంది ముందర ఏడవకూడదని నోరు బిగపట్టుకుంది.

వెనక హారన్లు మొదలయ్యాయి.

వెంకటముని కిందికి దిగి, పొద్దున ఆమె దగ్గర తీసుకున్న స్కూటరు తాళాన్ని జేబులోంచి తీసి కూతురి చేతిలో పెట్టాడు. "నువ్వు పో. ఒక్కదానివే పో. మెయిన్ రోడ్డులోనే పో. నేను లోపలికి పోయి దొరస్వామన్నను పిలుచుకొస్తా."

"ఈలోగా వీళ్లు దాటిపోతారు గదా."

"పోతే పోనీ. వెనక్కి పోదాం."

ఆమె ట్రాలీ వైపు చూసింది. సందుల్లోంచి కారిన రసం చక్రం మీద పడి, చక్రం నుంచి రోడ్డు మీదికి చారలు కట్టింది. ఇంకోసారి వెనక్కి పోతే ఆ కాయను కాటా ఎక్కించనివ్వరు. దొర్లించి పారబోయడమే. ఏడాదంతా నాయన ఆ చెట్ల కింద ఎట్లా తిరిగాడో ఆమె చూసింది. చిత్తూరుకు అరగంట. ఇప్పుడు బయలుదేరితే అందుకోవచ్చు. తాళం చేతిలోనే ఉంది. రెండేళ్లుగా అడిగింది ఇదే.

"నువ్వు పోయి ఆయన్ని పిలుచుకొని రా," అంది. "నేను బండి పట్టుకుంటా."

"పవిత్రా—"

"పో నాయనా."

ఆయన ఆమెకేసి ఒకసారి చూసి, గేటు లోపలికి పరుగులాంటి నడకతో పోయాడు. పవిత్ర సీటెక్కింది. క్లచ్చి మీద ఎడమ కాలు, బ్రేకు మీద కుడి కాలు. వెనక బండి అతను దిగి వచ్చాడు.

"పక్కకు తియ్యి పాపా. లైసెన్సు లేనోళ్లు పక్కకు నిలబెట్టుకోవాల."

"మా నాయన మనిషిని పిలుచుకు రాను పోయినాడన్నా. వస్తాడు."

"ఎప్పుడొస్తాడు? మా కాయ గూడా..."

"కారతా ఉండాది. తెలుసన్నా. నిన్న విన్నా ఆ మాట. నేను తియ్యను."

ఈసారి మాట పూర్తిగా బయటికి వచ్చింది. అతను సెక్యూరిటీ వైపు చూశాడు. సెక్యూరిటీ అతను గేటు కమ్మీని పట్టుకుని, తనకేమీ సంబంధం లేనట్టు ఆకాశం చూశాడు. హారన్లు కాసేపు మోగి, విసిగి, ఆగాయి. గోడ పక్కన స్కూటరు ఎండలో నిలబడి ఉంది. ఎల్ కాగితం ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. పదయింది. తర్వాత పదిన్నర కూడా అయింది. ఆమె కాలు బిగుసుకుపోయి నొప్పి పుట్టింది గానీ తీయలేదు.

లోపల యార్డులో నాయన కనబడుతున్నాడు. దొరస్వామి ఎవరిదో బండి వెనక్కి తోస్తుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ బండి అయిపోయింది, ఇంకొకరు ముందే చెప్పి ఉన్నారు, అది ఎక్కాడు దొరస్వామి. నాయన మళ్లీ పక్కన నిలబడ్డాడు. ఏమీ తోచక తుండుతో మెడ తుడుచుకుంటున్నాడు. అట్లా నిలబడడం ఎలా ఉంటుందో ఆమెకు ఈ లైనులో అందరికంటే బాగా తెలుసు. అందుకే అటు చూడడం మానేసింది.

చివరికి ఇద్దరూ వచ్చారు. దొరస్వామి ఎక్కుతూ, సీట్లోంచి దిగుతున్న పవిత్రను చూసి, "నీకు ఈ పొద్దు ఏదో టెస్టుండాదంటివే పాపా?" అన్నాడు.

"అయిపోయింది పెదనాయనా."

"పాసయినావా?"

ఆమె గోడ వైపు నడిచింది. వెంకటముని తల తిప్పుకుని మడ్గార్డు మీద ఎక్కి కూర్చున్నాడు, తన ట్రాక్టరు మీదే, వేరేవాళ్లు నడుపుతుంటే. ట్రాక్టరు గేటు దాటి లోపలికి పోయింది.

గోడ నీడలో నిలబడి పవిత్ర కృపామణికి ఫోను చేసింది. జరిగింది అంతా చెప్పలేదు. టెస్టుకు పోలేకపోయానని మాత్రం చెప్పింది. కృపామణి "అయ్యో పాపా," అంది. "ఇంకో పిల్ల అడుగుతా ఉండాది, నువ్వని ఆపి పెట్టినా. ఇంక ఆ పిల్లకే ఇచ్చేస్తా. ఏమనుకోవద్దు. మళ్లా ఎప్పుడన్నా ఉంటే చెప్తా." ఆమె గొంతులో కోపం లేదు, పెద్ద బాధా లేదు. ఫోను పెట్టేశాక పవిత్ర గోడకు ఆనుకుని, మొహం చున్నీలో పెట్టుకుని, ఇందాక ఆపుకున్నదంతా ఏడ్చింది. రోడ్డు మీద పోయేవాళ్లు చూశారు. చూస్తే చూశారనుకుంది.

కాయ దించి, ఖాళీ ట్రాలీతో వాళ్లు బయటికి వచ్చేసరికి ఎండ వాలింది. కాయ తిప్పి పంపలేదు, అంతా తీసుకున్నారు. దొరస్వామి గేటు అవతల దిగి, "వస్తానప్పా వెంకటమునీ" అని చెయ్యి ఊపి పోయాడు. వెంకటముని గోడ పక్క కొళాయి దగ్గర చేతులు కడిగాడు. మొహం కడిగాడు. మళ్లీ చేతులు కడిగాడు. తర్వాత కూతురి పక్కన నిలబడి, ఆమె వైపు కాకుండా స్కూటరు వైపు చూస్తూ అడిగాడు.

"మళ్లా మొదటి నుంచి రాయాల్నా?"

"రాయాల. ఆదివారంతో అయిపోతాది గదా."

"పనో?"

"వేరే పిల్లకిచ్చేసినారు."

ఆయన తల ఊపాడు. ఊపి, తుండుతో మొహం తుడుచుకున్నాడు, అప్పటికే ఆరిన మొహాన్ని.

"రాసేటప్పుడు నాకు గూడా రాయి," అన్నాడు.

పవిత్ర తలెత్తి చూసింది. తమాషాకు అన్నాడేమో అనుకుంది. ఆయన మొహంలో తమాషా లేదు.

"నీకా?"

"నాకే. తెలుగులోనే అడుగుతారా?"

"తెలుగులోనే. రోడ్డు మీద గుర్తులు చూపించి ఇదేంది, అదేంది అంటారు."

"అవి నాకు తెలీవు మే. నువ్వు చెప్పాల."

"చెప్తా."

ట్రాక్టరు ఎక్కడానికి పోయి, కాలు మెట్టు మీద పెట్టి, ఆయన ఆగాడు. ఏదో లెక్క తెగనట్టు నుదురు ముడుచుకున్నాడు.

"అయితే, లైసెన్సు ఉండేవాళ్లు పక్కన కూర్చోవాల గదా ఎల్లెల్లారు వానికి? నా పక్కన ఎవురు కూర్చుంటారు?"

ఆమె ఆలోచించింది. ఇంట్లో ఎవరికీ లేదు. సొంత పెదనాన్న ఇంట్లో లేదు, దొరస్వామికి ఉన్నా ఆయనది వేరే ఊరు. అసలు వాళ్ల వీధిలోనే ఉందో లేదో.

"నేను తెచ్చుకుంటే నేనే కూర్చుంటా," అంది.

"అదే నేనూ అనుకుంటా ఉండా." వెంకటముని సీటెక్కి కూర్చున్నాడు. స్టార్టు చేయలేదు. కిందికి వంగి, అడగడం అలవాటు లేని మనిషి అడిగినట్టు, మెల్లగా అన్నాడు.

"బిరీన తెచ్చుకో తల్లీ. నాకు ఇంకెవురుండారు?"